ఈల ఎక్కడిది

సమ్మెటకు కోపం రావడానికి కారణం అక్కర్లేదు. ఆ రోజు మాత్రం కారణం కూడా దొరికింది. తన పాత కారును షెడ్డు గుమ్మంలోకి తెచ్చి ఆపీ ఆపకముందే దిగి, తలుపును కాలితో తన్ని మూశాడు. ఏమైంది మామయ్యా అంటూ ఎదురొచ్చిన చిన్నల్లుడి చెంప మీద ఒక్కటిచ్చాడు. సంగతేమిటో ఆ తర్వాత చెప్పాడు. ముందు శిక్ష, తర్వాత విచారణ, ఆయన పద్ధతి అది.

ఆయనకు వినబడనంత దూరంలో ఉన్నప్పుడు అందరూ ఆయన్ని సమ్మెట అనేవారు. పాత లారీలను విరగ్గొట్టి ఇనుము అమ్మే పనిలో పైకొచ్చిన మనిషి. ఇనుముతో మాట్లాడే భాష ఒక్కటే వచ్చు, ఇంట్లోనూ అదే మాట్లాడేవాడు. ఇద్దరు కూతుళ్ళు, ఇద్దరు అల్లుళ్ళు. అల్లుళ్ళిద్దరూ మెకానిక్కులు, ఇద్దరూ ఆయన షెడ్డులోనే పని, ఆయన ఇంట్లోనే తిండి. ఇద్దరూ ఆయన చేతి దెబ్బ రుచి చూసినవాళ్ళే.

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. ఈ తోడల్లుళ్ళను చూసి పుట్టిన సామెత కాదుగానీ, పుట్టినా తప్పులేదు. పెద్దల్లుడు చెవితో పనిచేసేవాడు. ఒక రబ్బరు గొట్టం చెవికి పెట్టుకుని, రెండో కొసను ఇంజను మీద తిప్పుతూ, రోగం ఫలానా చోట ఉందని చెప్పేవాడు. చిన్నల్లుడు చేతులతో పనిచేసేవాడు. ఉన్న ఇంజనును విప్పి, లేనిపోనివన్నీ తగిలించి, దాన్ని ఇంకో ఇంజను చేసేవాడు. వాళ్ళు ఒకసారి పానాలతో కొట్టుకున్నారు. పెద్దల్లుడి పై పెదవి చీలింది, చిన్నల్లుడికి ఒక పన్ను పోయింది. ఆ గొడవలో కూడా చిన్నల్లుడు "తప్పుకో అన్నయ్యా" అని హెచ్చరించి మరీ కొట్టాడు. ఆ మర్యాదను తలచుకుంటే పెద్దల్లుడికి ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఇక ఆ కారు. అది సమ్మెట కుర్రతనంలో కొన్నది. కుర్రవాళ్ళ కార్లు దాన్ని దాటిపోతుంటే చూడలేక, దీనికి పరుగు నేర్పమని చిన్నల్లుడికి చెప్పాడు. చిన్నల్లుడు గాలిలో పెట్రోలు కలిపే కార్బ్యురేటర్ ఒక్కటి ఉన్నచోట రెండు పెట్టాడు. గాలీ పెట్రోలూ కలిసి ఇంజనులోకి పోయే గొట్టాలను కొత్తగా చేశాడు. కార్బ్యురేటర్ల మూతులకు ఇత్తడి గరాటాలు బిగించాడు. కారు ఎగిరిపోయింది. ఎన్నడూ ఎవర్నీ మెచ్చుకోని సమ్మెట, ఆ రోజు కూతుళ్ళిద్దరి ముందూ "పెద్దోడికి చెవులున్నాయి, చిన్నోడికి చేతులున్నాయి" అన్నాడు. పెద్దల్లుడి భార్య ఆ మాట విని తల దించుకుంది. దెబ్బయితే మానిపోయేది, ఆ మాట మాత్రం పెద్దల్లుడి లోపల పుండు పెట్టింది.

ఇప్పుడు ఆ కారు ఈల వేస్తోంది. ఇంజను ఆపకుండా ఊరికే నిలబెట్టినప్పుడు సన్నగా, యాక్సిలరేటర్ మీంచి కాలు తీసినప్పుడు కెవ్వుమని. బజారులో ఎవరో కుర్రాళ్ళు తిరిగి ఈల వేశారట. అందులో ఒకడి ముక్కు పగిలిందని సమ్మెట స్వయంగా చెప్పాడు. ఆయన పిడికిలి మీద రక్తం ఇంకా ఆరలేదు.

చిన్నల్లుడు చూస్తానని బానెట్ వైపు నడిచాడు. సమ్మెట అతని జుట్టు దొరకబుచ్చుకుని బల్ల దగ్గరకు ఈడ్చాడు. మొహాన్ని బల్లకేసి కొట్టాడు. తేరుకునేలోపే కుడిచేతి వేళ్ళను, బల్లకు బిగించిన, ఇనుప ముక్కలను కదలకుండా పట్టే వైసు దవడల మధ్యకు నెట్టి పిడి గిర్రున తిప్పాడు. ఇనుము వేళ్ళను పట్టుకుంది. అంతకు మించి నొక్కలేదు, అప్పటికి. ముక్కులోంచి రక్తం కారుతూ చిన్నల్లుడు వంగి నిలబడిపోయాడు.

"ఒరేయ్ పెద్దోడా, ఆ ఈల ఎక్కడిదో చెప్పు" అన్నాడు సమ్మెట, పిడి మీద చెయ్యి తీయకుండా. "వీడి తప్పయితే ఈ చేతులు మళ్ళీ ఏ కారునూ చెడగొట్టవు. నువ్వు నాన్చినంతసేపూ ఇది తిరుగుతూనే ఉంటుంది."

నిజం చెప్పొద్దూ, జుట్టు పట్టుకున్నంతవరకూ పెద్దల్లుడికి కడుపు చల్లగానే ఉంది. వేళ్ళు వైసులోకి పోయాక ఆ చల్లదనం పోయింది. మెకానిక్కుకు కుడిచెయ్యి పోవడమంటే ఏమిటో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. అయినా చిన్నోడి పనిలో వంక పట్టే అవకాశం చేతికొచ్చిందని లోపల ఏదో గొణుగుతూనే ఉంది. ఇంజను స్టార్ట్ చేశాడు. ఈల మొదలైంది.

ముందు రెండు గరాటాలనూ రెండు అరచేతులతో మూశాడు. ఇంజను ఊపిరాడక కొట్టుకుంది, ఈల మాత్రం ఆగకపోగా ఇంకా గట్టిపడింది. అంటే గాలి సరైన దారిలో కాక దొంగదారిన దూరుతోంది. ఆ మాటే సమ్మెటకు చెప్పాడు. దొంగదారి ఎక్కడ అని ఆయన పిడిని కొంచెం తిప్పాడు. చిన్నల్లుడి గొంతులోంచి ఒక మూలుగు వచ్చి ఆగిపోయింది.

పెద్దల్లుడు నూనెడబ్బా తీసి, గొట్టాల అతుకుల మీద ఒక్కొక్క చుక్కే వదిలాడు. అతుకులో సందుంటే ఇంజను ఆ చుక్కను లాగేసుకుంటుంది, ఈల గొంతు మారుతుంది. ఏ చుక్కా కదల్లేదు. ఈల గొంతూ మారలేదు. అతుకుల మధ్య గాలి దూరకుండా వేసే ప్రతి గ్యాస్కెట్టూ గీత గీసినట్టు కోసి ఉంది, ప్రతి నట్టూ ఎంత బిగించాలో అంతే బిగించి ఉంది. ఇంత మంచి పనిని ఇంత దగ్గరగా చూడాల్సి రావడం పెద్దల్లుడికి ఆ క్షణంలో కూడా కష్టంగానే అనిపించింది.

పిడి మళ్ళీ తిరిగింది. ఈసారి చిన్నల్లుడు అరిచాడు.

పెద్దల్లుడు రబ్బరు గొట్టం చెవికి పెట్టుకుని రెండో కొసను లోపలికి దించాడు. కార్బ్యురేటర్ పక్కన ఏమీ లేదు. అతుకు కింద ఏమీ లేదు. వెనక గొట్టం అడుగున, పైకి కనబడని చోట, చెవి చిల్లుపడేంత ఈల. చెయ్యి పోనిచ్చి తడిమాడు. వేలికి ఒక చిన్న స్క్రూ తల తగిలింది. వేలు దాని మీద అదిమాడు.

ఈల ఆగిపోయింది.

అది మీటరు తగిలించుకునే రంధ్రానికి మూతగా ఉండే స్క్రూ. రెండు కార్బ్యురేటర్లూ సమానంగా గాలి పీలుస్తున్నాయో లేదో చూడాలంటే ఆ స్క్రూ తీసి అక్కడ మీటరు పెడతారు. కొన్నాళ్ళ క్రితం కారు షెడ్డులో ఉండగా, చిన్నల్లుడు విడిభాగాల కోసం బయటికి వెళ్ళినప్పుడు, ఎవరూ చూడకుండా పెద్దల్లుడే దాన్ని తీశాడు. చిన్నోడి లెక్క తప్పని తనకు తాను రుజువు చేసుకుందామని మీటరు పెట్టాడు. ముల్లు వెంట్రుకవాసి కూడా పక్కకు పోలేదు. ఆ కడుపుమంటలో ఉండగానే బయట మామగారి గొంతు వినబడింది. మీటరు లాగేసి, స్క్రూను వేలితో తిప్పి వదిలేశాడు. దాని కింద ఉండాల్సిన రాగి వాషర్ మీటరుతోపాటు వచ్చేసింది. ఇప్పుడది అతని సొరుగులోనే ఉంది.

తేలు కుట్టిన దొంగ అరవలేడు. పెద్దల్లుడు వేలు అక్కడే పెట్టి అలాగే వంగి ఉండిపోయాడు. తల తిప్పి చూస్తే చిన్నల్లుడు అతని చేతినే చూస్తున్నాడు. నెత్తురూ చెమటా కలిసిన మొహంలో ఆ కళ్ళు మాత్రం నిలకడగా ఉన్నాయి. ఏమీ అడగడం లేదు, ఎదురుచూస్తున్నాయి.

"దొరికిందా?" అన్నాడు సమ్మెట.

దొరికిందని చెప్పాడు. స్క్రూ కింద వాషర్ లేదని చెప్పాడు. ఎవరి పని అని ఆయన అడిగాడు. నాది అనే మాట చిన్నదే, నాలుక కొస దాకా వచ్చింది కూడా. వైసు దవడల మధ్య తన వేళ్ళు కనబడ్డాయి పెద్దల్లుడికి.

"అతనిదే. వాషర్ వెయ్యడం మర్చిపోయాడు."

చిన్నల్లుడు లబోదిబోమంటాడని, తను కాదని ఒట్లు పెడతాడని అనుకున్నాడు. దానికి జవాబు కూడా సిద్ధం చేసుకున్నాడు. చిన్నల్లుడు నోరు విప్పలేదు. సమ్మెట రెండు చేతులతో పిడి పట్టుకుని, బరువంతా వేసి తిప్పాడు. పుల్ల విరిచినట్టు చప్పుడైంది, వెంటనే ఇంకొకటి. ఆ తర్వాత వచ్చిన కేక ముందు ఇంజను చప్పుడు వినబడలేదు. సమ్మెట ఇంకో చుట్టు తిప్పాడు. చిన్నల్లుడు మోకాళ్ళ మీద పడ్డాడు, వేళ్ళు పైన వైసులోనే ఉండటంతో పూర్తిగా పడలేక వేలాడాడు.

"ముందు నా కారు బాగుచెయ్" అన్నాడు సమ్మెట.

పెద్దల్లుడు బాగుచేశాడు. ఇంజను ఆపి, సొరుగు తెరిచి, మీటరు మూతికి అంటుకుని ఉన్న వాషర్‌ను గోటితో ఊడదీసి, తెచ్చి వేసి బిగించాడు. పక్కన మనిషి వేలాడుతుంటే అతని చేతులు ఆ చిన్న పనిని తప్పు లేకుండా చేశాయి. అందుకు తర్వాత తన చేతుల మీద తనకే అసహ్యం వేసింది. మళ్ళీ స్టార్ట్ చేస్తే ఇంజను మెత్తగా గురగురలాడింది, ఈల లేదు. సమ్మెట అతని భుజం తట్టి "నీ చెవి చెవేరా" అన్నాడు. కారెక్కి వెళ్ళిపోయాడు.

పెద్దల్లుడు వైసు పిడి వెనక్కి తిప్పాడు. వేళ్ళు బయటికొచ్చాయిగానీ వాటిని వేళ్ళనడానికి లేదు. గుడ్డ చుట్టి, షెడ్డులో ఉన్న వ్యానులో ఎక్కించాడు. కేకలు విని ఇంట్లోంచి మరదలు చెప్పులు కూడా లేకుండా పరుగెత్తుకొచ్చి వెనక కూర్చుంది. మొగుడి తల ఒళ్ళో పెట్టుకుని, పెద్దల్లుడు ముక్తసరిగా చెప్పిన సంగతి వింటూ దారి పొడుగునా ఏడ్చింది. ఆసుపత్రి గేటు దగ్గర, బావగారూ మీరు త్వరగా కనిపెట్టబట్టి ఒక్క చేత్తో పోయింది, లేకపోతే నాన్న రెండోది కూడా పెట్టించేవాడు అంది. మీ మేలు మర్చిపోలేనంది. పెద్దల్లుడు అద్దంలో ఆమె మొహం చూడలేక రోడ్డు వైపు చూశాడు.

డాక్టరు కట్టు విప్పి చూసి, రెండు వేళ్ళు తీసేయక తప్పదన్నాడు. మిగతావి ముడుచుకుంటాయో లేదో ఇప్పుడే చెప్పలేనన్నాడు. మరదలు మందుల కోసం వెళ్ళింది. వరండాలో స్ట్రెచర్ మీద చిన్నల్లుడు, పక్కన పెద్దల్లుడు మిగిలారు.

"ఆ స్క్రూ నేను బిగించినాక విప్పలేదన్నయ్యా" అన్నాడు చిన్నల్లుడు. ఇంజను గురించి ఇద్దరూ మామూలుగా మాట్లాడుకుంటున్నట్టే ఉంది ఆ గొంతు. "నువ్వు దాని మీద వేలు పెట్టి ఆగిపోయావు చూడు, అప్పుడే అర్థమైంది."

పెద్దల్లుడు స్ట్రెచర్ కడ్డీ పట్టుకున్నాడు. తెలిస్తే ఎందుకు చెప్పలేదని ఎలాగో అడిగాడు.

"నువ్వే చెప్తావనుకున్నా."

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. వైసులో వేళ్ళు పెట్టుకున్నా ఇంత నొప్పి ఉండేది కాదేమోనని పెద్దల్లుడికి అనిపించింది. అదీ అబద్ధమే, ఆ నొప్పి ఎంతో అతనికి తెలియదు, తెలియకుండా తప్పించుకున్నాడు. తర్వాతైనా అరిచి చెప్పాల్సింది కదా అని గొణిగాడు.

"తర్వాత చెప్తే ఏమొస్తుంది? నా చెయ్యి అతుక్కోదు, నీది కూడా పోయేది" అన్నాడు చిన్నల్లుడు. వరండా చివర మందుల సంచితో వస్తున్న భార్యను చూసి గొంతు తగ్గించాడు. "దానికి మాత్రం చెప్పకు అన్నయ్యా. తెలిస్తే అక్కాచెల్లెళ్ళు ఇక జన్మలో మాట్లాడుకోరు."

మరదలు వచ్చి, కాస్త ఈ సంచి పట్టుకోండి బావగారూ అంది. పెద్దల్లుడు చెప్పనని చిన్నల్లుడికి తలూపి, తన రెండు చేతులూ చాపి సంచి అందుకున్నాడు.