లింగమ్మ ఖుర్పీ

తార్నాకలో చంద్రయ్య ఇంటి వెనక, రేకుల షెడ్డు కింద ఒక కొలిమి ఉండేది. చంద్రయ్య యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీ వర్క్‌షాపులో కమ్మరి పని చూసేవాడు. సేద్యం చేసుకునే ఇంట్లో పుట్టినవాడికి కమ్మరం కులవిద్య కాదు, కోరి నేర్చుకున్నది. అందుకే ఆ పనంటే అతనికి ప్రాణం, కొంత గర్వం కూడా. పటకార్లు, సుత్తులు, ఉలులు అన్నీ తన చేత్తోనే చేసుకున్నాడు. ఇంటికి ఎవరొచ్చినా ముందు షెడ్డులోకి తీసుకుపోయి ఒక్కొక్కటీ చేతికిచ్చి చూపించేవాడు. చుట్టుపక్కల ఎవరికి కొడవలి మొద్దుబారినా, గొడ్డలి పిడి ఊడినా చంద్రయ్య గడప తొక్కాల్సిందే.

భార్య లింగమ్మ క్యాంపస్ తోటల్లో కలుపు తీసే పనికి పోయేది. సాయంత్రం వచ్చాక కొలిమి దగ్గర కూర్చుని తిత్తి లాగేది. మంట ఎంత కావాలో, ఎప్పుడు ఆపాలో ఆమెకు చెప్పాల్సిన పనిలేదు. ఎదురుగా కూర్చున్న మనిషి తన పనిని చూస్తున్నదని గానీ, చూసి నేర్చుకుంటున్నదని గానీ చంద్రయ్యకు ఎన్నడూ తట్టలేదు.

అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం లేచి కాలేజీలు మూతబడ్డాయి. వర్క్‌షాపుకు తాళం పడింది. మొక్కలకు మాత్రం నీళ్ళు మానలేరు కదా, తోట పని ఆగలేదు. లింగమ్మ పొద్దున్నే సద్ది కట్టుకుని పోతుంటే చంద్రయ్య ఇంట్లో మిగిలిపోయేవాడు. మొదట్లో హాయిగానే ఉంది. రానురాను విసుగు పుట్టింది.

ఒక ఆదివారం బొగ్గుల కోసం మౌలాలి దాకా పోయి వచ్చేసరికి షెడ్డులోంచి సుత్తి చప్పుడు వినిపించింది. తొంగి చూస్తే లింగమ్మ. చీర కొంగు నడుముకు దోపుకుని, పాత లారీ కమాను పట్టీ ముక్కను ఎర్రగా కాల్చి దాగలి మీద పెట్టి సాగగొడుతోంది. తోటలో కలుపు తవ్వడానికి ఇచ్చే ఖుర్పీలు, ఆ చేతి పారలు, నిటారుగా ఉండి మణికట్టు పీకేస్తోందట. మెడ దగ్గర కొంచెం వంచి తనకోసం ఒకటి చేసుకుంటోంది. చంద్రయ్యకు ముందు నవ్వొచ్చింది. తర్వాత ఆమె చేతిలోని సుత్తిని చూశాడు. తన సుత్తే. పిడి మాత్రం మారింది, ఆమె గుప్పిటకు సరిపోయేలా సన్నగా చెక్కి ఉంది. ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది.

మొదటి రాయి తగలగానే ఆ ఖుర్పీ మూతి మడుచుకుపోతుందని చెప్పాడు.

"మడితె మల్ల కొడ్త," అంది లింగమ్మ, తలెత్తకుండానే.

మూతి మడుచుకోలేదు. కొన్నాళ్ళకు ఆమెతో పనిచేసే అమృతమ్మ మెట్టుగూడ నుంచి వెతుక్కుంటూ వచ్చింది. ఖుర్పీ కావాలంది. చంద్రయ్య పీట వేసి కూర్చోబెట్టి, ఎంత వెడల్పు ఉండాలి, పిడికి ఏ కర్ర వాడమంటావు అని అడగడం మొదలుపెట్టాడు. అమృతమ్మ కాసేపు ఇబ్బందిగా కూర్చుంది.

"నీతోని కాదన్నా, లింగమ్మతోని పనున్నది. ఆమె చేసిందే కావాలె నాకు."

అమృతమ్మ వెనకే ఇంకొకామె వచ్చింది, ఆమె వెనక మరొకామె. అందరూ నేరుగా లింగమ్మ దగ్గరికే. ఎప్పుడూ తనను పిలిచే గొంతులు ఇప్పుడు తనను దాటుకుని లోపలికి పోతుంటే అతనికి కడుపులో నిప్పు పోసినట్టయ్యేది. తిత్తి తోలు చిరిగిందని చెప్పి రెండు పూటలు కొలిమి వెలిగించనివ్వలేదు. తోలుకు ఏమీ కాలేదని లింగమ్మకు తెలుసు.

చివరికి అతనూ ఒక ఖుర్పీ చేశాడు. ఎంచిన ఇనుము, అద్దంలా మెరిసే నునుపు, ముట్టుకుంటే తెగే పదును. ఊరికే ఇస్తున్నట్టు అమృతమ్మకు ఇచ్చి, మర్నాడు ఏదో పని ఉన్నట్టు క్యాంపస్‌కు బయలుదేరాడు. ఆర్ట్స్ కాలేజీ ముందర తోటలో ఆడవాళ్ళు వరసగా కూర్చుని కలుపు తీస్తున్నారు. వాళ్ళ చేతుల్లో మెడ వంగిన ఖుర్పీలే. తను చేసింది ఎక్కడుందా అని వెతికితే, నీళ్ళ పైపు జరగకుండా దాని పక్కన నేలలో గుచ్చి ఉంది.

ముఖం కంది అక్కడే నిలబడిపోయిన చంద్రయ్యను తోట మేస్త్రీ కొండయ్య చూశాడు. అనంతపురం వైపు మనిషి, గొంతు పెద్దది.

"ఏమప్పా చంద్రయ్యా, ఖుర్పీలు శానా బాగ చేసినావే. మా ఆడోళ్ళు పాతవి ముట్టుకునేదే ల్యా. తోటకంతా నువ్వే చేసియ్యాల."

నేను కాదని ఒక్క మాట అంటే సరిపోయేది. చంద్రయ్య అనలేదు. అట్లనే సార్ అన్నట్టు తలూపాడు. నాలుగు బారల దూరంలో కూర్చున్న లింగమ్మ తలెత్తి అతన్ని చూసి, మళ్ళీ పనిలో పడింది.

ఇంటికొచ్చి ఆమె తిడుతుందనుకున్నాడు. తిట్టి ఉంటే అతనికీ తేలికయ్యేది. ఆమె ఎప్పటిలాగే వండింది, పెట్టింది. ఆ రోజు నుంచి మాత్రం సుత్తి ముట్టుకోలేదు. ఖుర్పీ కోసం ఎవరైనా వస్తే, ఆయనే చేస్తడట, ఆయననే అడుగుండ్రి అని పంపించేది.

చంద్రయ్య ఆమె చేసిన ఖుర్పీని పక్కన పెట్టుకుని, ఆ వంపే వంచి, ఆ పొడుగే సాగగొట్టి చేశాడు. పట్టుకుపోయిన ఆడవాళ్ళు సాయంత్రానికి తెచ్చి గడప దగ్గర పెట్టి పోయారు, చెయ్యి గుంజుతున్నదని. మరికొన్ని చేశాడు. అవీ తిరిగొచ్చాయి. ఆ కుప్పను చూస్తూ కూర్చుని, చివరికి ఆమెనే పిలిచాడు. వంపూ అదే, మందమూ అదే, మరి ఏం తక్కువైందని అడిగాడు.

లింగమ్మ ఒకటి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ ఆడించింది.

"మూతి దిక్కు బరువున్నది. నువ్వు నిలవడి ఆడిచ్చి సూస్తున్నవు. మేము దినమంత కూసోని తవ్వుతం." దాన్ని కింద పెట్టింది. "కొండయ్య సారు ముందర నీ నోట్లె మాట లేకపాయె."

చంద్రయ్య ఆ ఖుర్పీని తీసి తిరిగి కుప్పలో పెట్టాడు.

"కడుపుల మండింది లింగమ్మా. నన్నడిగెటోల్లు నిన్నడుగుతుంటె తట్టుకోలేకపోయిన."

ఆమె కోప్పడుతుందనో, జాలిపడుతుందనో అనుకున్నాడు. రెండూ కాలేదు.

"నాకూ మండేది," అంది లింగమ్మ. "గిన్నేండ్లు తిత్తి నేను గుంజిన. వచ్చినోల్లందరు నీ చేతికే మొక్కిండ్రు. నేనెవలకు చెప్పుకుంటి?"

ఆ మాట అతనికి లోపల ఎక్కడో దిగింది. ఆ షెడ్డులో మండింది తన కడుపొక్కటే కాదని, ఎదురుగా ఇన్నేళ్ళుగా ఇంకొకటి చప్పుడు లేకుండా మండుతూ వచ్చిందని అప్పుడు తెలిసింది.

మర్నాడు కొండయ్య దగ్గరికి పోయి, ఆ ఖుర్పీలు తన భార్య చేసినవని చెప్పాడు. కొండయ్య పెద్దగా నవ్వి, పెండ్లాం మీద అంత ప్రేమ ఉండకూడదప్పా అన్నాడు. చంద్రయ్యకు ఒళ్ళు మండిపోయింది. చిత్రం, ఈసారి మండింది లింగమ్మ మీద కాదు. వచ్చి కళ్ళారా చూడమని పట్టుబట్టి సైకిలు మీద ఎక్కించుకుని తీసుకొచ్చాడు. లింగమ్మ కొండయ్య కళ్ళముందే ఇనుము కాల్చి, సాగగొట్టి, మెడ వంచి, నీళ్ళలో ముంచి తీసింది. కొండయ్య నవ్వడం మానేశాడు. తోటకు ఎన్ని కావాలో, ఎప్పటికి కావాలో ఇక ఆమెతోనే మాట్లాడాడు. చంద్రయ్య వైపు మళ్ళీ చూడలేదు. పక్కనే నిలబడ్డ చంద్రయ్యకు అదీ గుచ్చుకుంది.

కాలేజీలు తెరిచారు. ఒకనాడు వర్క్‌షాపు నుంచి బయటికొస్తుంటే తోటలో కొత్తగా చేరిన ఒకామెకు ఎవరో అతన్ని చూపించి, గాయనే, ఖుర్పీల లింగమ్మ పెనిమిటి అన్నారు. చంద్రయ్య వినబడనట్టు నాలుగడుగులు వేశాడు. కడుపులో ఆ పాత మంట రాజుకుంది. అయినా ఆగి, వెనక్కి తిరిగి వచ్చాడు.

"ఏ చేత్తోని తవ్వుతవమ్మా?" అని అడిగాడు. "కుడా, ఎడమా? ఇంటికి పోయి నీకో ఖుర్పీ చెయ్యమనంగనె మా ఆమె గదే అడుగుతది."