పొదుగుకు సమ్మె తెలీదు

పాల క్యాన్లలో ఫినాయిల్ పోయడం నేను కళ్ళారా చూశాను. ఎవరో చెబితే విన్నది కాదు. మా కార్మికుల కాలనీ మొదట్లో, కుళాయి దగ్గర, పొద్దున్నే పాలకోసం గిన్నె పట్టుకుని వరసలో నిలబడి ఉండగా జరిగింది.

తనిఖీ అధికారి దిగాడు. దిగింది పాల కంపెనీ జీపులోంచి. ఆయన వెనక ఇద్దరు పోలీసులు, డబ్బా మోసుకుంటూ కంపెనీ మనిషి ఒకడు. పాలు తెచ్చిన టెంపో చుట్టూ ఒకసారి తిరిగి, "కల్తీ పాలు. పారబోయించండి," అన్నాడు అధికారి.

"పరీక్ష చెయ్యండి సార్. కల్తీ ఉంటే నేనే పారబోస్తా," అంది ఊరినుంచి ఆ పాలు తెచ్చిన పొడుగక్క.

"చేశాం."

"ఎప్పుడు చేశారు? ఇంకా మూతే తియ్యలేదు కదా!"

"మాకు చూస్తే తెలుస్తుంది. పక్కకి జరుగు."

మూతలు తీశారు. అప్పుడే పితికి తెచ్చిన పాలు, ఇంకా వెచ్చగా ఉన్నాయి. కంపెనీ మనిషి డబ్బా వంచాడు. నల్లటి ఫినాయిల్ ఒక్కో క్యానులోకీ చారలుగా దిగింది. ఘాటుకు నా ముందు నిలబడ్డ బాలింత ముక్కు మూసుకుంది. ఉత్తినే పారబోస్తే కనీసం కుక్కలైనా తాగేవి. కుక్కలకు కూడా దక్కకూడదని చేసిన పని అది.

పొడుగక్క ముందుకొచ్చింది. ఆఖరి క్యాను మీద రెండు చేతులూ అడ్డం పెట్టింది. ఆ చేతుల మీదుగానే పోశారు.

అన్నలారా, తమ్ముళ్ళారా, చదువుకుంటున్న పిల్లలారా! ఇంత పెద్ద కంపెనీకి నాలుగు క్యాన్ల పాలంటే అంత భయం ఎందుకని మీరు అడుగుతారు. నేను ఆ కంపెనీలోనే క్యాన్లు కడుగుతాను. కాంట్రాక్టు కింద, వేడినీళ్ళలో, సోడాలో. లోపల ఏం జరిగేదీ కొంత చూశాను. అందుకే చెబుతున్నాను.

కంపెనీ ఒక శిక్షణ పెట్టింది. పాడిరైతును వ్యాపారవేత్తగా తీర్చిదిద్దడం, అని గుమ్మానికి బట్ట కట్టారు. టీ గ్లాసులు కడగడానికి మమ్మల్ని పిలిచారు కాబట్టి నేనూ విన్నాను. కోటు వేసుకున్న ఆయన వేదిక మీద అటూ ఇటూ నడుస్తూ చెప్పాడు.

"మీరు పేదవాళ్ళు ఎందుకయ్యారు? ధర తక్కువని కాదు. మీలో చొరవ లేదు. సాహసం లేదు. ఎవరో వచ్చి కొంటారని ఎంతకాలం కూర్చుంటారు? కొత్తగా ఆలోచించాలి. మార్కెట్టు మీరే వెతుక్కోవాలి!"

ముందు వరసలో కూర్చున్న చెవిటి తాత పక్కకి వంగాడు. "ఏమంటున్నాడే?"

"పాలు మనమే అమ్ముకోమంటున్నాడు తాతా," పొడుగక్క గట్టిగా చెప్పింది.

"నిజంగా అలాగే అన్నాడా?"

"అలాగే అన్నాడు."

జనం నవ్వారు. తన మాటకే నవ్వారనుకుని కోటాయన కూడా నవ్వాడు.

ఆయన వెనక గోడ మీద ఓ నిలువెత్తు ఫొటో. కంపెనీ ఇప్పించిన పన్నెండు సంకరజాతి ఆవులతో, నెత్తిన కంపెనీ టోపీతో ఒక రైతు. ఆదర్శ రైతు. ఊళ్ళో ఆయన్ని ఫొటో బాబాయి అంటారు. ఆ రోజు బాబాయి వేదిక పక్క కుర్చీలో కూర్చుని తలాడించాడు. ఆ ఆవులు కంపెనీ అప్పు. అవి తినే దాణా కంపెనీది. పోసే పాలు కంపెనీకి. మిగిలేది ఆ ఫొటో ఒక్కటే అని అప్పటికి ఆయనకు తెలియదు.

పొడుగక్క మాత్రం కోటాయన మాటను నిజంగానే పట్టుకుంది. మనిషి ఎత్తుగా ఉంటుంది, ఏ గుమ్మం దాటినా తల వంచాల్సిందే. మూడు గేదెలు, ఇంకా ఈనని పడ్డ ఒకటి. తనలాంటి ఇళ్ళను కొన్నింటిని కూడగట్టింది. టెంపో బాడుగకు మాట్లాడారు. క్యాన్లకు తడిగోనెలు చుట్టి, తెల్లారేసరికి మా కాలనీకి తెచ్చారు. మేం ఇచ్చే ధర ప్యాకెట్టు కంటే తక్కువ. వాళ్ళకు దక్కేది కంపెనీ ఇచ్చేదానికంటే ఎక్కువ. మధ్యలో ఎవరు తింటున్నారో చెప్పడానికి ఇక చదువక్కర్లేదు. అంతకుముందు, మేం కడిగిన క్యాన్లలో వచ్చిన పాలే మీగడ పోగొట్టుకుని, నీరసించి, ప్యాకెట్లో దూరి మా ఇంటికి వచ్చేవి. ఇప్పుడు మా పిల్లల మూతుల మీద తెల్లటి మీసాలు నిలిచాయి.

మిగిలిన పాలు తోడుపెట్టి హోటళ్ళకు పెరుగు వేశారు. అదెలాగో చెప్పమని పక్క ఊరివాళ్ళు వచ్చి అడిగారు. ఆ పక్క ఊరివాళ్ళూ అడిగారు. కంపెనీకి భయం పట్టింది అక్కడ. నాలుగు క్యాన్లను చూసి కాదు, ఆ అడగడాన్ని చూసి. తర్వాత ఏమైందో మొదటే చెప్పాను. ఫినాయిల్.

అంతటితో వదల్లేదు. టెంపో తోలే అతన్ని స్టేషనులో కూర్చోబెట్టి లైసెన్సు లాక్కున్నారు. పొడుగక్క వాళ్ళ ఊళ్ళో కంపెనీ పాలకేంద్రానికి తాళం పడింది. ఏ ఒక్క ఇంటి పాలూ కొనరట. ఆ పన్నెండు ఆవుల పాలు కూడా.

సెలవు రోజున మా కాలనీ తరఫున నేనూ మా తోడికోడలూ ఆ ఊరు వెళ్ళాం. వీధిలో అడుగుపెట్టగానే పులిసిన వాసన. పెంటకుప్పల మీద పాలు పోసి పోసి తెల్లగా పెచ్చులు కట్టాయి. కుండలన్నీ వెన్నతో నిండిపోయి, వెన్న కంపు కొడుతోంది. ఎక్కువ పాలు తాగి దూడలు పారుకుంటున్నాయి. పాలున్న ఊరు అది. కానీ కొట్టువాడు అరువు ఆపేయడంతో పొయ్యిలు వెలగలేదు. పిల్లలకు మూడు పూటలా పాలే. ఒక పిల్ల గ్లాసును చూసి ఏడ్చింది.

పశువుల దళారి చింపిరి గడ్డం గోక్కుంటూ ఇల్లిల్లూ తిరుగుతున్నాడు. ఒకామె చూడి గేదె పలుపు వాడి చేతిలో పెట్టి, లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

సభ ఫొటో బాబాయి కొట్టంలో పెట్టారు. ఊళ్ళో అందరూ పట్టే కప్పు అదొక్కటే. ఆవులు దాణా లేక డొక్కలు పీక్కుపోయి నిలబడ్డాయి. వాటి మధ్యనే జనం.

"సమ్మె చేద్దాం! చుక్క పాలు పొయ్యొద్దు!" అన్నాడు ఒక యువకుడు.

"కొననివాడి మీద అలిగి పొయ్యనంటే వాడికేంట్రా నష్టం?" అంది ఒక ముసలమ్మ.

"అయితే పితకడమే మానేద్దాం!"

 పొడుగక్క పక్కనున్న ఆవు పొదుగు మీద చెయ్యి వేసింది. "మానేస్తే నొప్పి మేనేజరుకి రాదు తమ్ముడూ. దీనికొస్తుంది. ఫ్యాక్టరీలో మిషను ఆపితే ఆగుతుంది. ఇది ఆగదు. పూట కాగానే నిండుతుంది. పొదుగుకు సమ్మె తెలీదు."

"మరేం చేద్దామే? చావమంటావా?"

అప్పుడు ఫొటో బాబాయి లేచాడు. "వెళ్ళి కాళ్ళు పట్టుకుందాం. బుద్ధి తక్కువై సొంతంగా అమ్మాం, క్షమించండి అందాం. నేనంటే వాళ్ళకి గురి."

"మొన్న వెళ్ళావుగా బాబాయ్," పొడుగక్క మెల్లగానే అంది. "లోపలికి రానిచ్చారా?"

ఆయన టోపీ తీసి చేతుల్లో నలిపాడు. నాకు తెలుసు. ఆ రోజు నేను కడిగే చోటునుంచి చూశాను. గేటు బయట ఎండలో నిలబడే ఉన్నాడు, మా షిఫ్టు అయ్యేదాకా.

"మంచినీళ్ళడిగితే," అన్నాడు, "కుళాయి అటుపక్కుంది పో అన్నాడే వాచ్‌మనూ..."

ఆయన భార్య, ఊరందరికీ పిన్ని, ఇంతవరకూ స్తంభానికి ఆనుకుని ఉంది. ఒక్కసారిగా ముందుకొచ్చింది. "అయితే ఈసారి మనం ఒక్కళ్ళమే వెళ్ళొద్దు. వీటిని కూడా తోలుకుపోదాం. పశువుల్నీ దూడల్నీ అన్నిటినీ. ఆవులు కావాలని మనం అడిగామా? వాళ్ళేగా అంటగట్టారు! వాళ్ళ గేటు దగ్గరే పితుకుదాం. పాలు మన కొంపల్లో పులిస్తే ఎవడికీ వాసన రావట్లా."

"అంత దూరం నడిస్తే పాలు పడిపోతాయి!"

"పోలీసులు బాదుతారు!"

"ఇంట్లో కూర్చుంటే మాత్రం మిగిలేదేముంది? వచ్చే వారం దళారి నా గుమ్మంలోనూ నిలబడతాడు."

నేను కూడా లేచాను. నాకు సభల్లో మాట్లాడటం రాదు. "మీరు పితకండి. మేం పట్టుకుంటాం. కాలనీ మొత్తం గిన్నెలు తెచ్చుకుంటాం," అన్నాను. సగం మందికి నమ్మకం కుదరలేదు. కొందరు లేచి వెళ్ళిపోయారు. ఉన్నవాళ్ళు ఆశతో ఒప్పుకోలేదు. దారి లేక ఒప్పుకున్నారు.

మర్నాడు సాయంత్రం, పితికే వేళకు వచ్చారు. క్యాన్లు కడుగుతున్న మాకు ముందు అరుపులు వినిపించాయి. పొదుగులు బిగిసిన పశువులు అరిచే అరుపు మీరు విన్నారో లేదో. మనిషి మూలుగులాగే ఉంటుంది. పరుగున ప్రహరీ దగ్గరికి వెళ్ళాం. రోడ్డంతా పశువులే. కొన్నిటికి నడుస్తుంటేనే చన్నులనుంచి పాలు కారి, తారు మీద తెల్లటి గీతలు పడ్డాయి. సభలోంచి లేచి వెళ్ళిపోయినవాళ్ళు కూడా వెనకాల కనిపించారు.

మేనేజరు గేటుకు తాళం వేయించాడు. షిఫ్టు దిగిన మేము లోపలే ఉండిపోయాం. బయట పోలీసు వ్యాన్లు.

ఫొటో బాబాయి గేటు చువ్వలు పట్టుకున్నాడు. "మేనేజరు గారూ! మీ గోడ మీదున్న మొహం ఇదే సార్! చొరవ చూపించమన్నారు, చూపించాం. సాహసం చెయ్యమన్నారు, చేశాం. ఇంకేం చెయ్యాలో చెప్పండి! గేటు తియ్యండి, పశువులు ఆగలేకపోతున్నాయి!"

 మేనేజరు పోలీసు అధికారికి తల ఊపాడు.

పొడుగక్క అప్పటికే గేదె పక్కన గొంతుక్కూర్చుంది. "దూడల్ని వదలండి! పాలు చేపుకి రాగానే మొదలుపెట్టండి!" అని అరిచింది. గిన్నెలతో కాలనీ ఆడవాళ్ళు పరిగెత్తుకొచ్చారు. మొదటి ధారలు సత్తుగిన్నెల్లో మోగాయి. సరిగ్గా అప్పుడు లాఠీలు లేచాయి.

మనుషుల మీద పడ్డ దెబ్బలు పశువుల మీదా పడ్డాయి. బెదిరిన పశువులు ఎటు పోవాలో తెలియక తిరిగాయి. గిన్నెలు దొర్లాయి. ఒక పోలీసు ఫొటో బాబాయి ఆవును మూతి మీద కొట్టాడు. బాబాయి దాని మెడ చుట్టూ చేతులు వేసి అడ్డం నిలబడ్డాడు. రెండో దెబ్బ ఆయన తలకు తగిలింది. మూడోది కూడా తలకే. చేతులు జారి, ఆవు ముందు కాళ్ళ దగ్గర కూలిపోయాడు. ఆవు ఆయన్ని తొక్కలేదు. అక్కడే నిలబడిపోయింది.

లోపల మేమంతా ఒక్కసారి గేటు మీద పడ్డాం. అది ఎవరు చెప్పి చేసింది కాదు. క్యాన్లు కడిగేవాళ్ళు, బాయిలరు దగ్గరివాళ్ళు, ప్యాకింగు పిల్లలు. తాళం ఊడింది. మేం బయటికి వచ్చేసరికి బాబాయి కళ్ళు తెరిచే ఉన్నాయి. చూపు లేదు. పిన్ని ఆయన తలను ఒళ్ళో పెట్టుకుని, రక్తాన్ని కొంగుతో అదిమి పట్టుకుంది. ఆ రక్తం అప్పటికే ఆగిపోయిందని ఆమెకు ఎవరూ చెప్పలేకపోయాం.

పొడుగక్కనూ చేతికి దొరికినవాళ్ళనూ వ్యానుల్లోకి తోశారు. పితికే చేతులన్నీ వ్యానుల్లోకి పోయాయి. రోడ్డు మీద పశువులు మిగిలాయి. పొదుగులు రాయిలా బిగిసి, కాళ్ళు ఎడం చేసి అరుస్తున్నాయి. మేం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. పుట్టి బుద్ధెరిగాక మాలో ఒక్కరూ పాలు పితికి ఎరగరు.

వ్యాను కిటికీ జాలీలోంచి పొడుగక్క గొంతు వచ్చింది.

"అలా నిలబడతారేంటే! కూర్చోండి! బొటనవేలు మడవొద్దు, పిడికిలి పట్టండి! పైన బిగించి కిందికి వదలండి! లాగొద్దు, దానికి నొప్పి!"

"నోర్ముయ్!" అన్నాడు లోపలి పోలీసు. దెబ్బ పడిన చప్పుడు వినిపించింది.

"ముందు దూడని తాగనివ్వండే!" అంది మళ్ళీ.

వ్యాను కదిలి మలుపు తిరిగేదాకా చెబుతూనే ఉంది. నేను బాబాయి ఆవు దగ్గర కూర్చున్నాను. సోడాకు చర్మం ఊడిన చేతులు నావి. మొదట ఏమీ రాలేదు. ఆవు కాలు జాడించింది. మళ్ళీ పట్టాను. సన్నటి ధార ఒకటి గిన్నె అంచుకు తగిలి నా మోచేతి మీదుగా కారింది. పక్కన మా తోడికోడలు ఏడుస్తూనే పిండుతోంది. అలా చీకటి పడేదాకా, ఒక్కో పశువుకూ ఇద్దరేసి చొప్పున పితికాం. ఆ పాలు కాలనీలో ప్రతి ఇంటికీ చేరాయి.

మరునాడు ఆసుపత్రి నుంచి శవాన్ని ఇచ్చారు. ఊరికి తీసుకెళ్ళడానికి బండి కూడా పోలీసులే ఏర్పాటు చేశారు. పిన్ని బండికి అడ్డం నిలబడింది.

"ఇంటికి కాదు. గేటు దగ్గరికి."

గేటు ముందు దించాం. చుట్టుపక్కల ఊళ్ళనుంచి జనం వస్తూనే ఉన్నారు, పశువుల్ని తోలుకుని. షిఫ్టు సైరన్ మోగింది. మాలో ఒక్కరూ లోపలికి కదల్లేదు. మేం అడిగింది ఇంతే: పొడుగక్కనూ మిగతావాళ్ళనూ వదలాలి, కొట్టినవాళ్ళను కటకటాల్లో పెట్టాలి, పాలకేంద్రం తాళం తియ్యాలి, మా పాలు మేం అమ్ముకుంటే అడ్డు రాకూడదు. మేనేజరు మాట్లాడటానికి రాలేదు. రోడ్డు చివర ఇంకా రెండు వ్యాన్లు వచ్చి ఆగాయి.

సైరన్ మళ్ళీ మోగింది. పిన్ని శవం పక్కనుంచి లేచి, కళ్ళు తుడుచుకుని, గిన్నె అందుకుంది.

"రండి," అంది మాతో. "పితికే వేళయింది."