తిరగేసిన వాలు

మా అమ్మకి లెక్కలు చెప్పడం కంటే గోడకి చెప్పుకోవడం నయమని ఈ నెల రోజుల్లో ఎన్నిసార్లు అన్నానో. ఆవిడ పద్దెనిమిదేళ్ళుగా ఆసుపత్రి వార్డులో ఆయా. పది పాసవ్వని ఆయాలకి ఈ ఏడాదితో ఉద్యోగం ఆఖరని కాగితం వచ్చింది. మిగతా సబ్జెక్టులన్నీ గట్టెక్కి, లెక్కల్లో రెండుసార్లు తప్పింది. ఇదే చివరి అవకాశం.

నేను డిగ్రీలో లెక్కలు చదువుతున్నాను కాబట్టి చెప్పడం నా వంతయింది. ప్రమేయం అంటే ఇట్టే పట్టేసింది. ఒక ఎక్స్‌కి ఒకే వై ఉండాలన్నాను.

"అంతేగా మరి. పది గంటలప్పటి జ్వరానికి రెండు అంకెలు రాస్తే సిస్టర్ నన్ను ఉతికి ఆరెయ్యదూ?" అంది. సిస్టర్ చెబుతుంటే చార్టు రాసేది అమ్మే.

సరళరేఖల దగ్గరకొచ్చేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. సెలైన్ సీసాలో ఐదు వందల మిల్లీలీటర్లున్నాయి, నిమిషానికి రెండు చొప్పున దిగుతోంది, గ్రాఫు గీసి వాలు, అదే స్లోప్, ఎంతో చెప్పమ్మా అంటే మైనస్ సగం అంటుంది. మైనస్ రెండు రావాలి. మూడు రావాల్సిన చోట మూడో వంతు వస్తుంది. ఎప్పుడు చూసినా తలకిందులే. మొదట్లో నవ్వాను, తర్వాత అరిచాను, ఒకరోజు నోటుబుక్కు విసిరికొట్టాను. ఆవిడ దాన్ని తెచ్చి నా ముందు పెట్టి, "మళ్ళీ చెప్పవే" అంది.

పరీక్ష రోజు పొద్దున సెంటర్ ముందు నిలబడి అడిగినా అదే తప్పు. గేటు మూసేయడానికి పది నిమిషాలే ఉంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఇంక అర్థం చేసుకోకమ్మా. వాలు నీకెంతొస్తే దాన్ని తిరగేసి రాసెయ్. పైది కిందికి, కిందిది పైకి."

"తిరగేస్తే సరిపోతుందా?"

"నీకు సరిపోతుంది."

అమ్మ ముఖం చిన్నబోయింది. నోటుబుక్కు నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళింది.

గేటు పక్క అరుగు మీద కూర్చుని ఆవిడ నోటుబుక్కు తెరిచాను. అట్ట లోపల వార్డు చార్టు మడిచి ఉంది. ఎడమవైపు పైనుంచి కిందికి గంటలు, వాటి పక్కన అంకెలు. గ్రాఫులన్నీ మళ్ళీ చూశాను. అడ్డగీత మీద ఉండాల్సిన కాలాన్ని ప్రతిదాంట్లోనూ అమ్మ నిలువు గీత మీదే పెట్టింది, పద్దెనిమిదేళ్ళుగా రాస్తున్నట్టే. ఆ బొమ్మలకి ఆ జవాబులు సరైనవే. నేను వంట చేసుకుంటూ జవాబు మాత్రం అడిగి, తప్పని అరిచేదాన్ని. బొమ్మ వైపు ఒక్కసారీ చూడలేదు.

అప్పుడు తట్టింది. ప్రశ్నపత్రంలో గ్రాఫు వాళ్ళే గీసి ఇస్తే? అమ్మ సరిగ్గానే చదువుతుంది. చదివి, నా మాట విని తిరగేస్తుంది.

వాచ్‌మన్ దగ్గరికి పరిగెత్తాను. "బాబాయ్, మా అమ్మకి ఒక్క మాట చెప్పాలి. ఒక్కటే."

"పరీక్ష జరుగుతుంటే మాటలేంటమ్మా? నా ఉద్యోగం ఊడగొడతావా?"

ఊడేది ఎవరి ఉద్యోగమో ఆయనకేం తెలుసు. ఊచలు పట్టుకుని ఏడ్చాను. పాపం, కూర్చోమని తన కుర్చీ ఇచ్చాడు. గేటు మాత్రం తియ్యలేదు.

మూడు గంటల తర్వాత అమ్మ నవ్వుతూ వచ్చింది.

"గ్రాఫు లెక్క పది మార్కులకి వచ్చిందే. ట్యాంకులో నీళ్ళు తగ్గే గీత, వాళ్ళే వేసిచ్చారు. నాకు మైనస్ మూడు వచ్చింది. నీ మాట గుర్తొచ్చి కొట్టేసి, మైనస్ మూడో వంతు రాశాను. సమీకరణం కూడా దాంతోనే కట్టాను. మిగతావాటికి ఇరవై ఏడు దాకా పడతాయి. ముప్పై ఐదు దాటినట్టే కదూ?"

అబద్ధం చెబుదామనుకున్నాను.

"మొదట వచ్చిందే కరెక్టమ్మా," అన్నాను. నిలువు గీత సంగతి, నేను చూడని సంగతి, అన్నీ చెప్పాను.

అమ్మ హాల్ టికెట్‌ని మడత మీద మడత పెడుతూ నిలబడిపోయింది. తిట్టినా బాగుండేది.

"అయితే నెల రోజులుగా నాకు వచ్చన్నమాట," అంది.

"వచ్చమ్మా."

నా చేతిలోంచి నోటుబుక్కు తీసుకుని, రెండింటికి డ్యూటీ ఉందని నడవడం మొదలుపెట్టింది.