అపెండిక్స్ మచ్చ

"పాలు పొంగుతున్నాయి, కళ్ళెక్కడ పెట్టుకున్నావ్?" అన్నాడు మా ఆయన. కళ్ళు ఉండాల్సిన చోటే ఉన్నాయి. పొయ్యి ముందు రెండుగా ముడుచుకుపోయిన మనిషికి నేల తప్ప ఏం కనబడుతుంది? కుడి డొక్కలో మెలిపెట్టే ఆ నొప్పికి మా ఇంట్లో ఒకటే పేరు, గ్యాస్. చుట్టాలొస్తే "మా ఇంటి గ్యాస్ ఏజెన్సీ" అని నన్ను పరిచయం చేసేవాడు. అందరూ పగలబడి నవ్వేవాళ్ళు, సిగ్గులేకుండా నేనూ నవ్వేదాన్ని. "నలుగురు భోజనానికొస్తే చాలు, కోడలికి నొప్పి లేచొస్తుంది" అనేది మా అత్తగారు. మందుల షాపు కౌంటర్లో పొద్దస్తమానం నిలబడి ఊరందరికీ మాత్రలిచ్చే నేను, నాకు నేను గ్యాస్ మాత్రలే ఇచ్చుకున్నాను. కళ్ళు పచ్చబడితేగాని స్కానింగు దాకా రాలేదు.

డాక్టరమ్మ నా పొట్టమీది పాత మచ్చను వేలితో తడిమింది.

"ఇదేంటమ్మా?"

"అపెండిక్స్ ఆపరేషనండీ, నాకు మూడేళ్ళప్పుడు."

"అపెండిక్స్‌కి ఇంత పైన ఎందుకు కోస్తారు?"

పైత్యరసం వెళ్ళే గొట్టం పుట్టుకతోనే ఉబ్బి సంచిలా ఉందట. అప్పట్లో దాన్ని పేగుకు కలిపి కుట్టారేగాని తీసెయ్యలేదట. అలా వదిలేసిన సంచిలో క్యాన్సర్ పుట్టే ప్రమాదం మామూలు వాళ్ళకన్నా చాలా ఎక్కువట. "స్కాన్‌లో ఇప్పటికేమీ కనబడలేదు. తీసి పరీక్ష చేస్తేగాని ఖాయంగా చెప్పలేను. ఆలస్యం చెయ్యొద్దు" అంది.

రోజూ స్నానంలో రుద్దుకునే మచ్చ, పురుట్లో నర్సు చూసి అడిగిన మచ్చ. మందుల మధ్య బతుకుతూ కూడా అది చోటు తప్పి ఉందని ఒక్కనాడూ అనుమానించలేదు. ఎందుకు అనుమానిస్తాను, చెప్పింది అమ్మ.

మా ఆయన బండి దగ్గరికి వెళ్ళాడు. ఆస్పత్రి వరండా బెంచీమీద కూర్చుని అమ్మకు ఫోన్ చేశాను. డాక్టరమ్మ అన్నదంతా చెప్పాను. అమ్మ గొంతు తగ్గించింది.

"ఏటా చూపించమన్నారే. పెద్దయ్యాక మళ్ళీ కోయాలన్నారు. ఆస్పత్రుల చుట్టూ తిరిగే పిల్లని ఎవరు చేసుకుంటారు చెప్పు? నువ్వు ఆడుతూ పాడుతూ ఉన్నావు, తగ్గిపోయిందనుకున్నా."

"పెళ్ళయ్యాకైనా చెప్పొచ్చుగా అమ్మా?"

"నీ నోట జారితే? నీ కాపురం ఏం కాను? ఇప్పుడైనా అల్లుడుగారితో ఈమధ్యే వచ్చిందని చెప్పు, నా తల్లివి కదూ."

ఏడుపు రాలేదు. నా కాపురాన్ని కంటికి రెప్పలా కాచుకుంది మా అమ్మ. ఆ కాపురం చేసే మనిషి బతకాలన్న సంగతే మర్చిపోయింది.

మా ఆయన తాళంచెవి తిప్పుకుంటూ వచ్చాడు.

"ఏమంది డాక్టరమ్మ? గ్యాసేగా?"

"ఆపరేషన్. ఈ వారంలోనే చేయించుకుంటున్నాను."

"ఈ వారమా! ఇల్లెవరు చూస్తారు? అసలు ఉన్నట్టుండి ఇదెక్కణ్ణించి వచ్చింది?"

ఫోన్లో అమ్మ "చెప్పకే, చెప్పకే" అంటూనే ఉంది. నేను స్పీకర్ పెట్టి ఫోన్ మా ఇద్దరి మధ్య బెంచీమీద ఉంచాను.

"అమ్మా, ఆయన ఇక్కడే ఉన్నారు. అప్పుడు డాక్టరు నీతో ఏం చెప్పాడో మొదటినుంచీ చెప్పు. నేను కూడా వినాలి."