చింతపండుతో తోమిన లాంతరు

ఉమామహేశ్వరి వెయిటింగ్ రూమ్ బెంచీలు మూడోసారి తుడుస్తోంది. కేన్సస్ గోధుమ పొలాల మధ్యనున్న ఈ చిన్న ఊళ్లో చివరి రైలు ఆగి నలభై తొమ్మిదేళ్లయింది. ఇప్పుడా స్టేషన్ మ్యూజియం. తలుపులు తీయడం, దుమ్ము దులపడం, వచ్చిన నలుగురికీ ఊరి చరిత్ర చెప్పడం ఆమె ఉద్యోగం. డాక్టరు భర్త పోయాక, ఇంట్లో గోడలతో మాట్లాడే బదులు ఇక్కడ చేరింది. ఎనిమిదేళ్లుగా ఒక్కరోజు మానలేదు.

పోయిన వారం మాత్రం తెలియకుండానే తన కొంప తానే ముంచుకుంది. చివరి స్టేషన్ మాస్టరు వాడిన ఇత్తడి లాంతరు నల్లబడి ఉంటే చూడలేక, చింతపండూ ఉప్పూ వేసి, దీపావళికి కుందులు తోమినట్టు తళతళలాడేలా తోమింది. డైరెక్టరు కారల్ చూసి నెత్తిన చేతులు పెట్టుకుంది. ఆ నలుపుకే విలువట! మట్టి అంటుకున్నా అలాగే ఉంచాలట!

లాంతరు ఆ స్టేషన్ మాస్టరు కూతురు రూత్‌ది. తొంభై ఒక్కేళ్ల ఆవిడ ఇవాళ వచ్చి ఇన్నాళ్లూ మ్యూజియానికి అరువిచ్చిన తండ్రి సామానంతా ఊరికి రాసిస్తుంది, కోపమొస్తే పట్టుకుపోతుంది. పట్టుకుపోతే చూపించడానికి బెంచీలే మిగులుతాయి. మ్యూజియం మూస్తారు, ఉమామహేశ్వరికి పని పోతుంది.

మధ్యాహ్నం ప్లేనో నగరం నుంచి కూతురు బిందుమాధవి ఫోన్ చేసింది.

"అమ్మా, ఆర్గ్యూ చేయకు. సారీ చెప్పేసెయ్, అంతే."

"చెప్తాలేవే. కానీ నేను క్లీన్ చేశాను గానీ పాడు చేయలేదు."

రెండింటికి రూత్ చేతికర్ర ఊతంతో వచ్చింది. లాంతరు చూసి ఆగిపోయింది. ఉమామహేశ్వరికి పొద్దుట్నుంచీ వల్లె వేసుకున్న క్షమాపణ ఒక్క ముక్కా గుర్తు రాలేదు.

"ఎవరు తోమారు దీన్ని?" అంది రూత్.

"నేనేనండీ."

రూత్ బెంచీ మీద కూర్చుని లాంతరును ఒళ్లోకి తీసుకుంది. "నాన్న ప్రతి శనివారం ఇలాగే మెరిసేలా తోమేవాడు. ఆయన పోయాక మేమే పట్టించుకోక నల్లబడనిచ్చాం."

కారల్ సామాను రాసిచ్చే కాగితాలు తెచ్చి ముందు పెట్టింది. రూత్ వాటి మీద సంతకం చేసింది. ఉమామహేశ్వరి సిగ్గుపడకుండా అందరి ముందూ ఏడ్చేసింది.

కాసేపు కిటికీ పక్కన బెంచీ మీద ఒంటరిగా కూర్చుంటానంది రూత్. ఉమామహేశ్వరి టీ పెట్టి తెచ్చేసరికి ఆవిడ తల గోడకు ఆని ఉంది. పిలిస్తే పలకలేదు. చెయ్యి పట్టుకుంటే జారిపోయింది. అంబులెన్స్ వాళ్లు వచ్చి చూసి, ప్రాణం పోయిందని చెప్పి, మెల్లగా తీసుకెళ్లారు.

ఏం చెయ్యాలో తోచక ఉమామహేశ్వరి ఆ బెంచీ దగ్గరే నిలబడింది. మడిచి పెట్టిన చేతిరుమాలు కింద, రూత్ చెవిలోంచి తీసి పెట్టుకున్న వినికిడి మిషన్ ఇంకా సన్నగా ఈల వేస్తోంది.