మూల తెగిన డ్రాయింగు

పిల్లల ఆసుపత్రి కడుతున్న ఆ సైటులో సిమెంటు కంటే కాగితమే ఎక్కువ ఖర్చవుతోందని అందరూ నవ్వుకునేవారు. ఆ కాగితాలన్నిటికీ కాపలా ఫైళ్ళక్క. ఆమెకు అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉంది గానీ, దాన్ని పలికిన పాపాన పోయినవాళ్ళు సైటులో లేరు. రేకుల షెడ్డులో ఆమె బల్ల. కొత్త డ్రాయింగు వస్తే నమోదు చేస్తుంది, మేస్త్రీలకు పంచి సంతకం తీసుకుంటుంది, పాతది వెనక్కి రప్పిస్తుంది. ఫైలు తప్పితే పని ఫెయిలు అని ఆమే అంటుంది, ఆమే నవ్వుతుంది. మిగతావాళ్ళు నవ్వి నవ్వి ఎప్పుడో మానేశారు.

పాతది వెనక్కి రప్పించడమే అసలు తంటా. పరిస్తే ఒక్కో డ్రాయింగు దుప్పటంత. బురద దులిపి, మడిచి, షెడ్డు దాకా మోసుకొచ్చే ఓపిక ఎవరికుంది? తెచ్చినా పెట్టడానికి చోటేది? అందుకని ఫైళ్ళక్క ఒక ఉపాయం కనిపెట్టింది. ప్రతి డ్రాయింగుకూ కుడివైపు కింద మూలలో చిన్న గడి ఉంటుంది. పేరు, తేదీ, ఎన్నోసారి మార్చారో చెప్పే అంకె, అన్నీ అందులోనే. ఆ ముక్క కత్తిరించి తెస్తే చాలు, కొత్తది ఇచ్చేస్తుంది. "మూల తెస్తే మూలం తెచ్చినట్టే" అని రాసి గోడకు అంటించింది కూడా. మిగిలిన కాగితం ఎవరి ఇష్టం వాళ్ళది. కొందరు అన్నాల కింద పరుచుకున్నారు, కొందరు కిటికీలకు ఎండ తగలకుండా కట్టుకున్నారు. మూలలన్నీ ఒక బిస్కెట్ల డబ్బాలో చేరాయి. తనిఖీకి వచ్చినవాళ్ళు ఆ డబ్బా చూసి, పాత డ్రాయింగు ఒక్కటీ బయట లేదని మెచ్చుకుని పోయారు.

ఆ ఉదయం మూడో అంతస్తు బాల్కనీకి కాంక్రీటు పోయాలి. కాంక్రీటు బండి గేటు దగ్గర కడుపు తిప్పుకుంటూ నిలబడింది. బాల్కనీ కాంక్రీటు లోపల ఉండే ఇనుప ఊచలు కట్టిన మేస్త్రీ ఫైళ్ళక్కకు మేనమామ. ఈ ఉద్యోగం చూపించినవాడూ ఆయనే. ఆయన ఇంట్లో మరిచిపోయిన మాత్రల పొట్లం అత్తయ్య పంపితే, ఇచ్చిరావడానికి ఆమె పైకెక్కింది.

"ఏమే, ఫైళ్ళు వదిలి మెట్లెక్కావు. దారి తప్పావా?"

"మాత్రలు మావయ్యా. బీములు కట్టే భీముడికి బీపీ ఏంటని అడుగుతోంది అత్తయ్య."

"మీ అత్తయ్యే నా బీపీ. అలా పెట్టు."

పెట్టబోయి ఆగిపోయింది. ఆయన వెనక ప్లైవుడ్డు చెక్కకు మేకులు కొట్టి ఒక డ్రాయింగు ఉంది. వానకు తడవకుండా పైన ప్లాస్టిక్ పొర అంటించి ఉంది. కుడివైపు కింద మూల లేదు.

"నేనిచ్చిన కొత్తది ఏది?"

"పనిముట్ల పెట్టెలో భద్రంగా ఉంది. ఉత్త కాగితమాయె, వానకి పోతుంది. ఇదైతే గట్టిది. రెండూ పక్కపక్కన పెట్టి చూశాలే, పొడుగూ వెడల్పూ అన్నీ ఒకటే."

ఆమె పెట్టె తెరిచి కొత్తది పరిచింది. పొడుగూ వెడల్పూ నిజంగానే ఒకటే. మారింది పైవరస ఊచల మధ్య దూరం. పాతదానికన్నా బాగా దగ్గరగా రావాలి. గోడలోంచి బయటికి చాచిన బాల్కనీని పట్టి ఉంచేది ఆ పైవరసే.

మావయ్య వంగి చూశాడు. రెండిటి మీదా పైవరస గీతలు వేలితో లెక్కపెట్టాడు.

"కింది అంతస్తుది?" అని ఆమె మెల్లగా అడిగింది.

"అదీ దీన్ని చూసే కట్టాను."

రెండో అంతస్తు బాల్కనీకి కాంక్రీటు ఎప్పుడో పోసేశారు. ఇంకా కింద కర్రల ఆసరా మీదే ఉంది, అదొక్కటే నయం.

ఇంజనీరు వచ్చి, విని, బండిని వెనక్కి పంపేశాడు. తర్వాత ఆమెను పక్కకు పిలిచాడు.

"మీకేం భయం లేదు. కొత్తది అందినట్టు ఆయన సంతకం ఉంది, పాతదాని మూల మీ డబ్బాలో ఉంది. తప్పు జరిగిందని కాగితం పెట్టండి. కారణం, మేస్త్రీ నిర్లక్ష్యం."

"పోసేముందు ఊచలు మీరు సరిచూశారు కదా సార్?"

"చూశాను," అన్నాడు చెక్క వైపు చూడకుండా. "ఈ డ్రాయింగుతోనే పోల్చి చూశాను. దీని మీద పాతదని ఎక్కడుంది?"

ఆమె షెడ్డుకొచ్చి డబ్బా మూత తీసింది. ఇన్నాళ్ళూ ఆ ముక్కల్ని చూస్తే కడుపు నిండినట్టుండేది. ఒక్కో ముక్కా ఒక్కో పీడ వదిలినట్టు. ఇప్పుడు చూస్తే, ఒక్కో ముక్కకూ ఒక మొండెం సైటులో ఎక్కడో తిరుగుతోంది. తల తనే తీయించింది. ఆ మొండేల్లో ఎన్నిటిని చూసి ఎవరెవరు ఏమేం కట్టారో డబ్బా చెప్పదు.

మావయ్య గుమ్మంలోకి వచ్చాడు.

"నిర్లక్ష్యమనే రాసేయవే. నేను ఇంకో సైటు చూసుకుంటా. ఊచలు కట్టేవాణ్ణి, ఊచలు లెక్కపెట్టించరులే."

ఆమె నవ్వలేదు. "నువ్వొక్కడివే అయితే రాసేదాన్నేమో. మిగతా కాగితాల సంగతేంటి మావయ్యా? నీ చేతికి అంకె లేని కాగితం మిగిల్చింది నేను."

"అలా రాస్తే నిన్ను ఉంచుతారా?"

ఆమె కాగితం ముందుకు లాక్కుని రాసింది: వెనక్కి వచ్చినవి డ్రాయింగులు కావు, మూలలు మాత్రమే. ఆ పద్ధతి పెట్టింది నేను. ప్రతి కాగితాన్నీ, దాన్ని చూసి కట్టిన ప్రతి పనినీ సరిచూసేదాకా సైటు ఆపాలి.

కంపెనీ సైట్లన్నీ చూసే పెద్దసారు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివారు.

"ఒక్క బాల్కనీకి సైటంతా ఆపమంటారా?"

"ఒక్కటేనని నేను చెప్పలేను సార్."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "మీ మూలల పద్ధతి బాగుందని పోయిన నెలే మిగతా సైట్లకి పంపాను."

"అయితే వాళ్ళకి ఇవాళే ఫోను చేయాలి సార్."

ఆయన ఫోను అందుకున్నారు. అందుకుంటూ, తల ఎత్తకుండా అన్నారు: "రేపట్నుంచి ఆ బల్ల దగ్గర వేరేవాళ్ళు కూర్చుంటారు. మేస్త్రీ సంగతి లెక్క తేలాక చూద్దాం."

మధ్యాహ్నానికి సైటు మూగబోయింది. పనివాళ్ళు మరకల కాగితాలు, చిరిగిన కాగితాలు, కిటికీల నుంచి పీకిన కాగితాలు తెచ్చి షెడ్డు ముందు పడేస్తున్నారు. పని ఆపించిన మనిషి మొహం ఎవరూ చూడటం లేదు. ఆమె ఒక్కోదానికీ డబ్బాలోంచి ముక్క వెతికి జత చేస్తోంది. కొన్నిటికి ముక్క దొరికింది. కొన్ని ముక్కలకు కాగితమే రాలేదు. వాటిని విడిగా పెట్టింది. ఆ కుప్పే పెద్దది.

మావయ్య ప్లాస్టిక్ డ్రాయింగు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆమె దాని మూల తెచ్చి ఆనించింది. సరిగ్గా అతికింది.

పైన రెండో అంతస్తులో బాల్కనీ పగలగొట్టే యంత్రం మొదలైంది. రేకులు అదిరాయి, బల్ల మీద డబ్బా మూత టకటకమంది.

"మీ అత్తయ్యకి ఏం చెబుదామే?"

"మాత్ర వేసుకున్నావని చెబుతా. వేసుకున్నావా?"

ఆయన జేబులోంచి పొట్లం తీశాడు. విప్పనే లేదు. ఆమె నీళ్ళ సీసా అందించింది. మాత్ర మింగి, ఆయన కుర్చీ దగ్గరకు లాక్కుని, విడిగా ఉన్న కుప్పలోంచి ఒక ముక్క తీసి కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాడు.

"ఇది మెట్లది," అన్నాడు. "ఈ కాగితం ఎవరి దగ్గరుందో నాకు తెలుసు. పద."