సరుకు ఆయుష్షు

లక్ష్మణ్ చెప్పును నాగేంద్రబాబు కాలితో తన్నడం మేం పద్నాలుగు మందిమీ చూశాం.

ముందు ఆ చెప్పు సంగతి చెప్పాలి. ఈ అరబ్బు దేశంలో, హమద్ టౌన్ అవతల మేం పనిచేసే కూరగాయల గోదాంలో మూడు చలిగదులున్నాయి. మూడో గది తలుపుకి లోపలివైపు పిడి ఊడిపోయి నాలుగు నెలలైంది. బయటినుంచి తెరవచ్చు, లోపలినుంచి తెరవలేం. అందుకని లోపలికి ఎవరు వెళ్లినా ఒక చెప్పు విడిచి తలుపు సందులో పెట్టడం మా ఆచారం. దేవుడి గుడి ముందు రెండు చెప్పులూ విడుస్తాం. ఈ గది ముందు ఒకటే. దేవుడి మీద ఉన్నంత నమ్మకం తలుపు మీద లేదు మరి.

నాగేంద్రబాబు మా సూపర్‌వైజరు. మనవాడే, తెలుగువాడే. మా వీసాలు చేతిలో పెట్టుకున్న యజమాని, కఫీల్, అరబ్బీలో తిట్టింది తెలుగులోకి దించి మాకు వడ్డిస్తుంటాడు. చెప్పు సందులోంచి చల్లదనం పోతోందని ఆయన బాధ. "ఒక్క డిగ్రీ పెరిగితే కొత్తిమీర ఆయుష్షు తగ్గుద్దయ్యా" అంటాడు. మా ఆయుష్షుకి డిగ్రీల లెక్క ఎవరు కడతారు, మేం డిగ్రీలు లేనివాళ్లం.

గురువారం పొద్దున, లక్ష్మణ్ లోపల ఉండగా, ఆ చెప్పును తన్నాడు. చెప్పకుండా తన్నాడు. తలుపు మూసుకుంది. అదే సమయానికి గేటు దగ్గర లారీ హారన్ కొట్టింది. "యల్లా, యల్లా" అన్నాడు. పరిగెత్తాం. తలుపు ఇంకెవరో తీస్తారులే అని పద్నాలుగు మందిమీ అనుకున్నాం. తీసే ఆ ఇంకెవరో మాలో ఒక్కరూ లేరు.

గడియ లేని గదిలో వాడు రెండు గడియలున్నాడు. టీ గ్లాసులు పంచుతూ ఒకటి మిగిలితే నరసాయమ్మ ఆగింది. "లక్ష్మణ్ ఏడి?"

తెరిచేసరికి క్యారెట్ పెట్టెల మధ్య ముడుచుకుని ఉన్నాడు, వంటి మీద పల్చటి చొక్కా. వేళ్లు నీలంగా తిరిగాయి. మోసుకొచ్చి ఎండలో కూర్చోబెడితే, పళ్లు టకటక కొట్టుకుంటుండగా అడిగాడు: "తలుపు కొడితె ఇనవడలేదా అక్కా? మస్తు సేపు కొట్టిన."

నాగేంద్రబాబు వచ్చాడు. వాణ్ణి చూడలేదు. నేరుగా వెళ్లి గది చలి చూపే మీటరు ముల్లు చూశాడు. "తలుపు ఎంతసేపు బార్లా తీసి ఉంచారు?" అన్నాడు.

శుక్రవారం మేముండే క్యాంపులో ఏసు ప్రార్థన అయ్యాక చాపలు ఎత్తలేదు. ప్రార్థనకు రానివాళ్లం కూడా వచ్చి కూర్చున్నాం. ప్రార్థన నడిపేది మాలో ఒకరైన సత్యవేదం. గోదాంలో ఫోర్క్‌లిఫ్ట్ నడిపేదీ ఆయనే.

"నాలుగు నెల్ల నుంచి అడగతానే ఉన్నాం. ఇంకోసారి అడుగుదాం. ఓర్చుకోవాల," అన్నాడు.

"నీ ఓర్పు బయట ఫోర్క్‌లిఫ్ట్ మీద కూసుంటదన్నా," అన్నాడు లక్ష్మణ్. వేళ్లు ఇంకా చంకల్లోనే పెట్టుకున్నాడు. "లోపటున్నది నేను. ఆయన తన్నంగ నువ్వు సుత చూసినవ్."

సత్యవేదం తల దించాడు. అందరం దించాం.

"రేపటి సంది ఎవ్వలం ఆ గదిల అడుగు పెట్టద్దు," అన్నాడు లక్ష్మణ్. "పిడి పెట్టినంకనే."

"వీసాలు కొట్టేస్తే?" అన్నారొకరు. "సరుకు కుళ్లుద్దిరా," అన్నారింకొకరు. "కుళ్లనీ, కుళ్లితేనే కదా వాసన వాళ్లదాకా పోయేది," అని వెనకనుంచి మూడో గొంతు.

నరసాయమ్మ లేచింది. కాకినాడ దగ్గర ఊరామె. ఇళ్లలో పనికని వచ్చి, ఆకుకూరలు ఏరే పనిలో పడింది.

"కుళ్లితే ఏవవుద్దో తెలుసా? మనం తలుపు గురించి అడుగుతాం, ఆళ్లు కుళ్లిన పెట్టె చూపిత్తారు. చూడండి, పాడు చేశారంటారు. కేసు పెట్టి ఇమానం ఎక్కిత్తారు. సరుకు పాడవకూడదు, మనం లోనకి ఎల్లకూడదు."

"అదెట్టా కుదురుద్దక్కా?"

"మా అమ్మ పన్నెండు మైళ్లు నడిచి ఆకుకూర అమ్మేది. ఫ్రిజ్జు నెత్తినెట్టుకుని నడిచిందేటి? తడి గోనె, నీడ, గాలి. అంతే. రేపటిదాకా ఆగవు. ఆ పూటకి ఆగుతాయి. మనకి పూట చాలు."

తలుపుకి పిడి లేదు గనక పిడికిలి బిగించాం. సత్యవేదం అందరికంటే ఆలస్యంగా బిగించాడు. అందరికంటే గట్టిగానూ బిగించాడు.

శనివారం పొద్దున సముద్రం మీది వంతెన దాటి లారీ వచ్చింది. కొత్తిమీర, పాలకూర, యాపిల్, అరటి.

"అన్నీ మూడో గదిలోకి," అన్నాడు నాగేంద్రబాబు. మిగతా రెండు గదులూ నిండి ఉన్నాయి. పోయిన నెల అరటిపళ్లను కూడా ఇలాగే చలిలోకి తోయించి నల్లబరిచాడు. వద్దని నరసాయమ్మ అంటే, నీకెక్కువ తెలుసా అన్నాడు. తెలుసు. అదే ఆయన బాధ.

ఎవరం కదల్లేదు.

"లోపల పిడి పెట్టించండి సార్," అన్నాడు సత్యవేదం. "రెండు స్క్రూల పని."

"పని ఆపేస్తే ఏమవుద్దో తెలుసా?"

"ఆపలేదు బాబూ," అంది నరసాయమ్మ. "గది బయట చేత్తన్నాం."

చేశాం. జూన్ నెల వాయవ్యపు గాలి, పొడిగా, దుమ్ముతో కొడుతోంది. ఆ గాలికి ఎదురుగా రేకుల పంచలో పెట్టెలు ఖాళీ వదిలి వదిలి పేర్చాం. కొత్తిమీర కట్టలు వేళ్లు కిందికి నిలబెట్టి, పైన తడి గోనె కప్పాం. గాలి గోనెను ఆరబెడుతుంటే లోపల ఆకు చల్లబడింది. యాపిల్ పెట్టెలు దూరంగా పెట్టించింది నరసాయమ్మ. పండిన పండు పక్కనుంటే పచ్చని ఆకు పసుపెక్కుతుందట. అరటిపళ్లు గెలలుగా వేలాడదీశాం. గోనె ఆరిన చోటల్లా నీళ్లు చల్లుతూ అటూ ఇటూ పరుగులు. కాయలకు నీడ, కాయకష్టానికి ఎండ.

పది దాటింది. నాగేంద్రబాబు గోనె ఎత్తి కొత్తిమీర చూశాడు. ఎక్కడా వాడలేదు. వాడి ఉంటే సంతోషించేవాడు.

అంతలో ఆయన ఫోన్ మోగింది. సఖీర్ దగ్గర హోటల్‌కి పన్నెండింటికల్లా క్యారెట్ చేరాలి. ఆ పెట్టెలు మూడో గదిలో ఉన్నాయి. కఫీల్ గొంతు మాదాకా వినిపించింది. చివర్లో ఒక్క మాట అర్థమైంది: ఖలాస్, ఇక చాలు, నువ్వే తే.

నాగేంద్రబాబు ట్రాలీ తీసుకున్నాడు. మూడో గది తలుపు లాగాడు. ఒక కాలు లోపల పెట్టాడు. ఆగాడు. తలుపు లోపలివైపు పిడి ఉండాల్సిన చోట రెండు చిల్లులు. వాటిని చూశాడు. వెనక్కి తిరిగి మమ్మల్ని చూశాడు. మా అందరి చేతులూ తడిగా ఉన్నాయి, ఖాళీగా ఉన్నాయి.

"ఎవరన్నా ఒకరు తలుపు పట్టుకోండి," అన్నాడు.

మాలో ఒకరు వంగి గోనె మీద నీళ్లు చల్లారు.

"ఎందుకు బాబూ?" అంది నరసాయమ్మ మెల్లిగా. "చలి పోద్ది కదా. మూసేసుకుని ఎల్లండి."

ఆయన కాలు వెనక్కి తీసుకున్నాడు. ఇన్ని పళ్లున్న గోదాంలో ఆ పొద్దున కొరికిన పళ్లు ఆయనవే.

ఆయన ఫోన్ చేసిన అరగంటలో కంపెనీ వ్యాన్ వచ్చింది. నరసాయమ్మను, లక్ష్మణ్‌ను ఎక్కమన్నారు. సాయంత్రమే ఊరికి తిరుగు టికెట్లు అన్నారు. సత్యవేదం వ్యాన్‌కి అడ్డంగా నిలబడితే అందులో వచ్చిన మనుషులిద్దరు కలిసి పక్కకు లాగేశారు.

"నన్ను ఆ గదిలనే ఎవ్వలు చూడలే. ఇయ్యాల అందరు చూస్తున్రు," అంటూ లక్ష్మణ్ ఎక్కాడు.

నరసాయమ్మ మెట్టు మీద ఆగింది. "సత్తివేదం బాబూ, గోనెలు ఆరనీకు. ఎవరినీ లోనకి ఎల్లనీకు."

వ్యాన్ పోయింది. మేం పదమూడు మందిమి మూడో గది ముందు కూర్చున్నాం. ఇద్దరూ తిరిగి రావాలి, పిడి పెట్టాలి, అప్పుడే లేస్తాం అన్నాం. గోనెలు తడపడానికి మాత్రం వంతులవారీగా లేచాం.

రెండో లారీ గేటు దగ్గర ఇరుక్కుని హారన్ మోగిస్తోంది. దాని వెనక ఇంకోటి. ఆ గోలకి పక్క గోదాం నుంచి ఒక బెంగాలీ వచ్చాడు. "క్యా హువా భాయ్?" అన్నాడు. సత్యవేదం నోటితో చెప్పకుండా తలుపు తెరిచి లోపలివైపు చూపించాడు.

అతను ఆ చిల్లుల్లో వేలు పెట్టి చూశాడు. "మా దగ్గర రెండు గదులకి ఇంతే," అన్నాడు హిందీలో. వెళ్లిపోయాడు. కాసేపటికి తొమ్మిది మందితో వచ్చి మా పక్కన కూర్చున్నాడు. ఎదురుగా చేపలు గడ్డకట్టించే కొట్టు నుంచి నేపాలీలు నలుగురు, ఉన్నికోట్లతోనే, రోడ్డు దాటారు.

నాగేంద్రబాబు ఇంకో వ్యాన్ కోసం ఫోన్ చేశాడు. ఎంతమంది పట్టే బండి కావాలని అవతల అడిగారు. ఆయన వేలు చూపిస్తూ మమ్మల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఇరవై ఐదు దగ్గర ఆగి, రోడ్డు మీద ఇంకా వస్తున్నవాళ్లను చూసి, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు.